పల్చని పలక, బరువైన బిగువు: పాతకాలపు చిన్న గిటారులోని విజ్ఞానం



సినిమా పాటల రికార్డింగుల్లోనూ, కళాశాల వేడుకల్లోనూ మీరు చూసే గిటారుకు సాధారణంగా పెద్ద పెట్టె ఉంటుంది. దాని వెడల్పు దాదాపు 40 సెంటీమీటర్లు. కాని 19వ శతాబ్దంలో ఐరోపాలోనూ, అమెరికాలోనూ ఇళ్లలో వాయించిన గిటారు ఇంత పెద్దది కాదు. దాని పెట్టె అత్యంత వెడల్పైన చోట కూడా 30 సెంటీమీటర్ల చుట్టుపక్కలే ఉండేది. నడుము సన్నగా ఉండేది. బరువు చాలా తక్కువ. అతిథులు కూర్చునే ముందుగదిలో వాయించేవారు కాబట్టి ఇలాంటి వాటిని ఇప్పుడు పార్లర్ గిటార్లు అంటున్నారు.

ఇలాంటి గిటార్లు కొన్ని నూటయాభై ఏళ్లు దాటినా ఇప్పటికీ చక్కగా పలుకుతున్నాయి. అదే వయసున్న మరికొన్ని మాత్రం పైపలక ఉబ్బిపోయి, మెడ వంగిపోయి, వాయించడానికి పనికిరాకుండా ఉన్నాయి. చేసిన చేతుల్లో నేర్పు ఒకటే అయినా ఫలితం ఎందుకు వేరయింది? ఈ ప్రశ్నకు సమాధానం వెతకాలంటే గిటారు ఎలా తయారవుతుందో, దానిలోని ప్రతి భాగం ఏ పని చేస్తుందో తెలుసుకోవాలి.

తయారీదారు ఎదుట ఉన్న చిక్కు

ఒక శృతిదండాన్ని కంపింపజేసి గాలిలో పట్టుకోండి. ధ్వని చాలా సన్నగా వినిపిస్తుంది. దాని కాడను బల్లకు ఆనించండి. వెంటనే ధ్వని పెరుగుతుంది. శృతిదండం కదిలించే గాలి కొద్దిగా. బల్ల కదిలించే గాలి ఎక్కువ. గిటారు తంతి విషయం కూడా ఇంతే. సన్నని తంతి ఒంటరిగా గాలిని కదిలించలేదు. అది తన కంపనాన్ని బ్రిడ్జి అనే చిన్న చెక్కముక్క ద్వారా పైపలకకు అందిస్తుంది. మనం వినే ధ్వనిలో ఎక్కువ భాగం ఆ పలకదే.

పలక బాగా కంపించాలంటే తేలికగా ఉండాలి. ఒకే బలం ప్రయోగించినప్పుడు ద్రవ్యరాశి తక్కువ ఉన్న వస్తువుకు త్వరణం ఎక్కువ అని న్యూటన్ రెండో నియమంలో చదువుకున్నారు కదా! అందుకే గిటారు పైపలక మందం రెండున్నర, మూడు మిల్లీమీటర్లకు మించదు. కాని అదే పలక మీద ఆరు తంతుల బిగువు నిరంతరం పనిచేస్తూ ఉంటుంది. గొర్రె పేగుతో చేసిన పాతకాలపు తంతుల మొత్తం బిగువు సుమారు 40 కిలోల బరువుకు సమానం. అంటే పెద్ద బియ్యం బస్తా బరువులో మూడు వంతులకు పైగా భారం, పోస్టుకార్డుల దొంతరంత మందం ఉన్న చెక్కను రాత్రింబగళ్లు లాగుతూనే ఉంటుంది.

పలక మందంగా ఉంటే విరగదు, కాని పలకదు. పల్చగా ఉంటే బాగా పలుకుతుంది, కాని నిలవదు. గిటారు తయారీ అంతా ఈ రెండింటి మధ్య దారి వెతకడమే.

కర్ర ఎంపిక

పైపలకకు స్ప్రూస్ అనే కర్రను వాడతారు. ఇది చలి ప్రాంతాల్లో పెరిగే సూదిమొన ఆకుల చెట్టు. చలిదేశంలో చెట్టు మెల్లగా పెరుగుతుంది కాబట్టి దాని వార్షిక వలయాలు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఈ కర్ర సాంద్రత ఘనమీటరుకు 400 నుంచి 450 కిలోల వరకు మాత్రమే. అయినా నారల దిశలో చాలా దృఢంగా ఉంటుంది. ఆ దిశలో ధ్వని సెకనుకు 5,000 మీటర్లకు పైగా వేగంతో ప్రయాణిస్తుంది. గాలిలో ధ్వని వేగం సుమారు 340 మీటర్లు అని గుర్తుచేసుకోండి. అయితే నారలకు అడ్డంగా చూస్తే ఈ కర్ర దృఢత్వం పదో వంతు కూడా ఉండదు. అడ్డంగా లేని బలాన్ని తయారీదారే సమకూర్చాలి.

పలకను మొద్దు నుంచి ఎలా కోస్తారన్నది కూడా ముఖ్యమే. బండి చక్రంలోని ఆకులు ఇరుసు నుంచి అంచుకు ఎలా సాగుతాయో, అలా మొద్దు నడిమి నుంచి బెరడు వైపుకు కోస్తారు. అప్పుడు వలయాల గీతలు పలక మీద నిటారుగా, సమాంతరంగా కనిపిస్తాయి. ఇలా కోసిన పలక తేమకు తక్కువగా వంకరపోతుంది. ఆ తరువాత ఒకే చెక్కను మందంలో రెండుగా చీల్చి, పుస్తకం తెరిచినట్టు తెరిచి, మధ్యలో అతికిస్తారు. కుడి ఎడమ భాగాలు అద్దంలో ప్రతిబింబంలా ఒకే పోలికతో ఉంటాయి. అందంతోపాటు రెండు వైపులా గుణం కూడా దాదాపు ఒకటిగా ఉంటుంది.

వెనుకపలకకూ, పక్కలకూ బరువైన గట్టి కర్ర వాడతారు. 19వ శతాబ్దపు మంచి గిటార్లలో బ్రెజిల్ దేశపు రోజ్‌వుడ్ ఎక్కువగా కనిపిస్తుంది. మన జిట్రేగి చెట్టు కూడా ఈ రోజ్‌వుడ్ ప్రజాతికి చెందినదే. తంతుల కింద వేలు ఆడే పలకకు ఎబొని వాడతారు. ఇది బీడీ ఆకునిచ్చే మన తునికి చెట్టుకు దగ్గరి చుట్టం.

వంచడం, అతికించడం, మెరుగు పెట్టడం

మన బొబ్బిలి వీణను ఒకే పనస మొద్దును తొలిచి చేస్తారు. గిటారు పద్ధతి దీనికి పూర్తిగా వేరు. ఇక్కడ తొలవడం లేదు. పల్చని పలకలను వంచి, అతికించి పెట్టె కడతారు. పక్కలకు వాడే చెక్క మందం రెండు మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. దాన్ని తడిపి, కాలుతున్న ఇనుప గొట్టానికి ఆనించి మెల్లమెల్లగా వంచుతారు. కర్ర కణాలను కలిపి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం వేడికీ తేమకూ మెత్తబడుతుంది. చల్లారగానే మళ్లీ గట్టిపడి కొత్త ఆకారాన్ని నిలుపుకుంటుంది. తొందరపడితే చెక్క పుటుక్కున విరుగుతుంది.

అతికించడానికి జంతువుల చర్మాన్ని ఉడికించి తీసిన జిగురు వాడేవారు. ఇది వేడిగా ఉన్నప్పుడు పారుతుంది, ఆరితే గట్టిపడుతుంది. మళ్లీ వేడి, తేమ తగిలితే వదులుతుంది. వదలడం లోపం కదా అని మీరు అనుకోవచ్చు. నిజానికి అది పెద్ద గుణం. నూరేళ్ల తరువాత మరమ్మతు చేసేవాడు కర్రను పగలగొట్టకుండా కీళ్లను విప్పగలుగుతాడు.

చివరగా మెరుగు. అప్పటి గిటార్లకు లక్కను ఆల్కహాలులో కరిగించి, గుడ్డ ఉండతో పల్చని పొరలుగా రుద్దేవారు. లక్క గాజులలో మీరు చూసే లక్కే ఇది. మోదుగ, రేగు, పూసుగు వంటి చెట్ల కొమ్మల మీద పెరిగే చిన్న పురుగు దీన్ని స్రవిస్తుంది. ఈ సరుకు ప్రపంచానికి ప్రధానంగా అందింది భారతదేశం నుంచే. దీనిపై పరిశోధన కోసమే 1924లో రాంచీ దగ్గర నాంకుంలో లక్క పరిశోధన సంస్థను స్థాపించారు. లక్క పొర చాలా పల్చన కాబట్టి పైపలక కంపనాన్ని పెద్దగా అణచదు.

లోపలి బద్దలు: కనిపించని అస్థిపంజరం

గిటారు ధ్వనిరంధ్రంలోకి చిన్న అద్దం పెట్టి చూస్తే పైపలక అడుగున సన్నని చెక్క బద్దలు కనిపిస్తాయి. పలకకు లేని బలాన్ని ఇచ్చేవి ఇవే.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూద్దాం. బద్ద వెడల్పు రెట్టింపు చేస్తే దాని దృఢత్వం రెట్టింపవుతుంది. కాని ఎత్తు రెట్టింపు చేస్తే దృఢత్వం ఎనిమిది రెట్లు అవుతుంది. ఎందుకంటే దృఢత్వం ఎత్తు ఘనానికి అనులోమానుపాతంలో ఉంటుంది. రెండు సందర్భాల్లోనూ పెరిగే బరువు మాత్రం ఒకటే, రెట్టింపు. అందుకే గిటారు బద్దలు సన్నగా, ఎత్తుగా ఉంటాయి. ఇదే నియమం పలక మందానికీ వర్తిస్తుంది. పలక మందాన్ని పదో వంతు తగ్గిస్తే దృఢత్వం దాదాపు 27 శాతం పడిపోతుంది. చిత్రిక ఒక్కసారి ఎక్కువ పడితే ఎంత తేడా వస్తుందో ఆలోచించండి!

మొదట్లో ఈ బద్దలను నిచ్చెన మెట్లలా అడ్డంగా వరుసగా అతికించేవారు. ఈ పద్ధతిని మార్చినవారిలో ప్రముఖుడు క్రిస్టియన్ ఫ్రెడరిక్ మార్టిన్. ఆయన 1796లో జర్మనీలోని సాక్సనీ ప్రాంతంలో మార్క్‌నొయికిర్ఖెన్ అనే ఊళ్లో పుట్టారు. వియన్నాలో యోహాన్ గియోర్గ్ స్టౌఫర్ అనే ప్రసిద్ధ గిటారు తయారీదారు దగ్గర పనిచేశారు. స్వగ్రామానికి తిరిగి వచ్చేసరికి అక్కడ ఒక తగాదా నడుస్తోంది. మార్టిన్ కుటుంబం బల్లలు, బీరువాలు చేసే వడ్రంగుల సంఘానికి చెందినది. వయొలిన్ తయారీదారుల సంఘం వారు గిటార్లు చేసే హక్కు తమదేననీ, వడ్రంగులకు లేదనీ 1826లో ఫిర్యాదు చేశారు. చివరికి తీర్పు వడ్రంగులకే అనుకూలంగా వచ్చింది. అయినా మార్టిన్ 1833లో న్యూయార్కుకు వలస వెళ్లారు. కొన్నేళ్లకు పెన్సిల్వేనియా రాష్ట్రంలోని నాజరెత్ అనే ఊళ్లో స్థిరపడ్డారు. ఆయన స్థాపించిన సంస్థ నేటికీ అక్కడే ఉంది.

1840లలో మార్టిన్ రెండు ప్రధాన బద్దలను గుణకారం గుర్తులా ఒకదాని మీదుగా ఒకటి పోయేట్టు అమర్చడం మొదలుపెట్టారు. 1843 నాటి ఆయన గిటారు ఒకదానిలో ఈ అమరిక ఉంది. ఆ కాలంలో అమెరికాలో స్థిరపడిన మరికొందరు జర్మన్ తయారీదారులూ ఇలాంటి ప్రయత్నాలు చేశారు. ఈ అమరికలో రెండు బద్దలు ధ్వనిరంధ్రానికి దిగువన కలుసుకొని, బ్రిడ్జి రెండు చివరల కిందుగా పోతాయి. భారం పడే చోట బలం ఉంటుంది. మిగతా పలక స్వేచ్ఛగా కంపిస్తుంది. బద్దల చివరలను ఉలితో పల్చగా చెక్కి, అంచుల దగ్గర పలక మరింత సులువుగా కదిలేట్టు చేస్తారు.

ఇదే కాలంలో స్పెయిన్‌లో ఆంటోనియో దె టోరెస్ విసనకర్ర ఆకులలా పరుచుకున్న బద్దల అమరికను అభివృద్ధి చేశారు. ధ్వనికి పైపలకే ప్రధానమని చూపడానికి ఆయన 1862లో ఒక వింత ప్రయోగం చేశారు. పైపలకను మంచి స్ప్రూస్‌తో చేసి, పక్కలనూ వెనుక భాగాన్నీ కాగితపు అట్టతో చేశారు. ఆ గిటారు ఇప్పుడు బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది.

మెట్ల లెక్క

వీణకు ఉన్నట్టే గిటారుకూ మెట్లు ఉంటాయి. వీణ మెట్లను మైనంలో అమరుస్తారు. గిటారులో మెట్టు అంటే వేలిపలకలోకి దిగగొట్టిన సన్నని లోహపు పట్టీ. తంతి పొడవు సగమైతే పౌనఃపున్యం రెట్టింపై, అదే స్వరం పై స్థాయిలో వినిపిస్తుంది. ఈ మధ్య దూరాన్ని పన్నెండు సమాన స్వరాంతరాలుగా విభజించాలి. అంటే ప్రతి మెట్టుకూ పౌనఃపున్యం 1.0595 రెట్లు పెరగాలి. దీని కోసం ప్రతిసారీ మిగిలిన తంతి పొడవును 17.817తో భాగించి, వచ్చిన దూరంలో తరువాతి మెట్టు అమర్చాలి. తంతి పొడవు 62 సెంటీమీటర్లు ఉన్న చిన్న గిటారులో మొదటి మెట్టు 3.48 సెంటీమీటర్ల దగ్గర వస్తుంది. పదకొండో మెట్టుకూ పన్నెండో మెట్టుకూ మధ్య దూరం 1.84 సెంటీమీటర్లు మాత్రమే.

పాతకాలపు తయారీదారులు 17.817కు బదులు 18తో భాగించేవారు. ఈ సులువైన సూత్రాన్ని 1581లో తన గ్రంథంలో చర్చించిన సంగీతజ్ఞుడు విన్సెంజో గెలీలీ. ఆయన ఎవరో తెలుసా? శాస్త్రవేత్త గెలీలియో తండ్రి! 18తో భాగిస్తే పన్నెండో మెట్టు ఉండవలసిన చోటికి రెండు మిల్లీమీటర్లు ఇవతలే ఆగుతుంది. స్వరం కొద్దిగా తగ్గుతుంది. కాని తంతిని వేలితో నొక్కినప్పుడు బిగువు పెరిగి స్వరం కొద్దిగా హెచ్చుతుంది. ఈ రెండు తేడాలూ ఎదురెదురు కాబట్టి చెవికి ఫలితం సరిపోయేది.

చిన్న పెట్టె స్వభావం

ఖాళీ సీసా మూతి మీదుగా ఊదితే ఒక స్వరం వస్తుంది. సీసాలో కొన్ని నీళ్లు పోసి మళ్లీ ఊదండి. గాలి పరిమాణం తగ్గింది కాబట్టి స్వరం హెచ్చుతుంది. గిటారు పెట్టెలోని గాలి కూడా ధ్వనిరంధ్రం ద్వారా ఇలాగే అనునాదం చెందుతుంది. పెద్ద గిటారులో ఈ అనునాదం సుమారు 100 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. చిన్న పెట్టెలో అంతకంటే పైన ఉంటుంది. అందుకే చిన్న గిటారులో మంద్ర స్వరాలు అంత గంభీరంగా పలకవు. దానికి బదులు పై స్వరాలు స్పష్టంగా, ఒకదానితో ఒకటి కలవకుండా వినిపిస్తాయి. మీటిన వెంటనే పలుకుతుంది. నలుగురు కూర్చునే గదికి ఇది చాలు.

మార్టిన్ సంస్థ కొలతల్లో ఒక తమాషా ఉంది. సంఖ్య తగ్గేకొద్దీ గిటారు పెద్దదవుతుంది! 3వ నంబరు పెట్టె వెడల్పు 286 మిల్లీమీటర్లు, 2వ నంబరుది 305, 1వ నంబరుది 324. ఇంకా పెద్దది కావలసి వచ్చినప్పుడు సున్నా, ఆపై రెండు సున్నాలు, 1902లో మూడు సున్నాలు అని పేర్లు పెట్టారు. నాటకశాలలు, వాద్యబృందాలు పెద్దవి కావడంతో ఎక్కువ ధ్వని కావలసి వచ్చింది. 1916లో ఒక యుద్ధనౌక పేరు మీద డ్రెడ్‌నాట్ అనే 397 మిల్లీమీటర్ల వెడల్పు గిటారును ఈ సంస్థే మరో వ్యాపార సంస్థ కోసం తయారుచేసింది. 1931 నుంచి సొంత పేరుతో అమ్మింది. నేడు మనం చూసే పెద్ద గిటార్లలో చాలావాటికి ఇదే నమూనా.

ఉక్కు తంతులతో వచ్చిన ప్రమాదం

20వ శతాబ్దం మొదట్లో పేగు తంతుల స్థానంలో ఉక్కు తంతులు వచ్చాయి. అమెరికాలో హవాయి సంగీతానికి వచ్చిన ఆదరణ దీనికి ఒక ముఖ్య కారణం. ఉక్కు తంతుల మొత్తం బిగువు 65 నుంచి 75 కిలోల దాకా ఉంటుంది. అంటే పాత భారానికి ఒకటిన్నర రెట్లకు పైమాటే. దీనికి తగినట్టు 1922లో మార్టిన్ సంస్థ తన చిన్న గిటార్లలో ఒక రకానికి లోపలి బద్దలను బలపరిచింది. క్రమంగా మిగతావాటినీ మార్చింది.

కాని అంతకుముందే తయారై ఇళ్లలో ఉన్న గిటార్ల సంగతేమిటి? వాటికీ చాలామంది ఉక్కు తంతులే కట్టారు. మొదట ధ్వని పెరిగింది, అందరూ సంతోషించారు. తరువాత బ్రిడ్జి వెనుక పలక ఉబ్బింది. దాని ముందు భాగం కుంగింది. మెడ ముందుకు వంగి, తంతులు మెట్లకు అందనంత ఎత్తు లేచాయి. కొన్నింటిలో బ్రిడ్జి ఊడి వచ్చింది. మనం మొదట వేసుకున్న ప్రశ్నకు సమాధానం ఇదే. నిలిచిన గిటార్లలో చాలావాటికి అవి ఏ భారం కోసం తయారయ్యాయో ఆ భారమే పడింది. చెడినవాటిలో చాలావాటికి అంతకు మించి పడింది. తయారీదారు పలకను ఆఖరి అంచు దాకా పల్చన చేశాడు. ఆ అంచు ఎక్కడుందో తరువాతివారికి తెలియలేదు.

అందుకే పాత చిన్న గిటారు దొరికితే నిపుణులు ముందుగా తయారైన కాలాన్ని, లోపలి బద్దలను పరిశీలిస్తారు. పేగు తంతుల కోసం చేసినదైతే పేగు తంతులు గాని, 1940లలో వాడుకలోకి వచ్చిన నైలాన్ తంతులు గాని కడతారు. పాత లక్క మెరుగును గీకివేయరు. గదిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండేలా చూస్తారు. కర్ర తేమకు అడ్డంగా వ్యాకోచిస్తుంది, పొడవునా దాదాపు మారదు. వేసవిలో బాగా ఎండిపోతే పలక నారల వెంట చీలుతుంది.

ఇలాంటి వాద్యం ఒకటి పోతే తిరిగి రాదు. 2015లో విడుదలైన 'ది హేట్‌ఫుల్ ఎయిట్' అనే హాలీవుడ్ చిత్రం కోసం మార్టిన్ మ్యూజియం 1870ల నాటి గిటారును అరువిచ్చింది. దాన్ని పగలగొట్టే సన్నివేశంలో నకలును వాడవలసి ఉంది. పొరపాటున అసలు గిటారే పగిలిపోయింది. ఆ తరువాత మ్యూజియం సినిమాలకు వాద్యాలు ఇవ్వడం మానేసింది.

దాన్ని పోలినది మళ్లీ చేయడం కూడా తేలిక కాదు. బ్రెజిల్ రోజ్‌వుడ్ చెట్లు విపరీతంగా తరిగిపోవడంతో 1992లో అంతర్జాతీయ ఒప్పందం కింద దాని వ్యాపారాన్ని నిషేధించారు. కొన్ని పాత గిటార్లలో బ్రిడ్జి కోసం వాడిన ఏనుగు దంతానికీ ఇలాంటి కట్టుబాట్లే ఉన్నాయి. మార్టిన్ సంస్థ 1969 నుంచే తన రోజ్‌వుడ్ గిటార్లకు భారతదేశపు జిట్రేగి కర్రకు మారింది. దక్షిణ భారతదేశపు అడవుల్లో పెరిగే ఈ చెట్టు కూడా 2017 నుంచి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో ఉంది. 2019లో తయారైన సంగీత వాద్యాలకు మాత్రం సడలింపు ఇచ్చారు. ఒక జిట్రేగి చెట్టు వాద్యానికి పనికివచ్చే చేవ తేలడానికి ఎన్నో దశాబ్దాలు పడుతుంది. కర్రను మిల్లీమీటర్లలో కొలుచుకొని వాడిన ఆ పాత తయారీదారుల పొదుపు మనకు ఇప్పుడు మరింత అవసరం.

మీ ఇంట్లో తాతల నాటి వీణో, వయొలినో, హార్మోనియమో ఉంటే ఈ విషయం గుర్తుంచుకోండి. తంతులు మార్చే ముందు, రంగు వేసే ముందు ఆ వాద్యం సంగతి తెలిసినవారిని అడగండి.

చేసి చూడండి

1. ఒక కాగితపు పట్టీని రెండు పుస్తకాల మధ్య వంతెనలా ఉంచి మీద నాణెం పెట్టండి. తరువాత అదే పట్టీని పొడవునా మధ్యకు మడిచి, మడత పైకి వచ్చేట్టు ఉంచి మళ్లీ పెట్టండి. బరువు పెరగకుండానే దృఢత్వం ఎందుకు పెరిగిందో వివరించండి.

2. అందుబాటులో ఉన్న గిటారు తంతి పొడవును, మొదటి మూడు మెట్ల దూరాలను కొలవండి. 17.817తో, 18తో విడివిడిగా లెక్కకట్టి, మీ కొలతలు దేనికి దగ్గరగా ఉన్నాయో చూడండి.

3. బద్ద ఎత్తును మూడో వంతు తగ్గిస్తే దాని దృఢత్వం ఎంత మిగులుతుందో లెక్కించండి.